మూడు తరగతులు, ఒకే గది

ఇంటర్ పరీక్షలు కాగానే టీచరు ట్రైనింగు ప్రవేశపరీక్ష డైట్‌సెట్ రాశాను. కార్వేటినగరం డైట్‌లో, అంటే జిల్లా విద్యా శిక్షణ సంస్థలో, సీటొచ్చిందని తెలిసిన రోజు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది మా అవ్వ. తిరుపతి కొర్లగుంటలో మా సందులో అప్పటిదాకా టీచరు చదువుకు పోయిన ఆడపిల్ల లేదు. అవ్వ గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు అమ్మేది. మూర వేస్తూనే నోటితో లెక్క తేల్చేసేది గానీ బడి గడప తొక్కిన మనిషి కాదు. "మా మనవరాలు అయివోరమ్మ కాబోతా ఉంది" అని ఆ వారమంతా పూలు కొన్న ప్రతి మనిషికీ చెప్పిందట.

ఇది 2000 తర్వాతి సంగతి. ప్రాథమిక బడి టీచర్లకిచ్చే డీఎడ్ డిప్లొమా అప్పటికి రెండేళ్ళ చదువు. పెద్దవాళ్ళు మాత్రం టీటీసీ అనే అనేవాళ్ళు, కొందరికి ఇప్పటికీ అదే పేరు. 1986 జాతీయ విద్యావిధానం వచ్చాక జిల్లాకొక డైట్ పెడుతూ పోయినప్పుడు మా చిత్తూరు జిల్లాది కార్వేటినగరంలో పెట్టారు. చిత్తూరులో కాదు, తిరుపతిలో కాదు, కొండల పక్కన ఒకప్పటి సంస్థానం ఊళ్ళో. పుత్తూరులో దిగి ఇంకో బస్సెక్కాలి. దారిలో మామిడి తోపులు, అక్కడక్కడా చెరకు, కాలం వస్తే బెల్లం కాచే వాసన. ఊరు చిన్నది, కోనేరు పెద్దది. సాయంత్రాలు ఆ స్కంద పుష్కరిణి మెట్ల మీద కూర్చుని పాఠ్యపథకాలు రాసుకునేవాళ్ళం. వెలుతురు తగ్గి అక్షరం కనపడకపోతేనే లేవడం.

పాఠ్యపథకం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ట్రైనింగంతా దాని చుట్టూనే తిరిగింది మరి. పైన లక్ష్యాలు, వాటి కింద స్పష్టీకరణలు: విద్యార్థి గుర్తిస్తాడు, పోలుస్తాడు, ఉదాహరణలిస్తాడు. కింద గళ్ళు: బోధనాంశం, ఉపాధ్యాయ కృత్యం, విద్యార్థి కృత్యం, ఉపకరణాలు, నల్లబల్ల పని, మూల్యాంకనం. ముందుగా ఉన్ముఖీకరణ. ఒకదానికొకటి అల్లుకున్న మూడు నాలుగు ప్రశ్నలు వేస్తే, చివరి ప్రశ్నకు పిల్లవాడి నోటే పాఠం పేరు రావాలి. అప్పుడే శీర్షిక రాయాలి. మెథడ్ లెక్చరర్ చదివి సంతకం పెట్టందే ఆ పాఠంతో తరగతిలోకి పోకూడదు. ఇదంతా ఉత్త కాగితం పని అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నేను ఒప్పుకోను. 'విద్యార్థి కృత్యం' అనే గడి నింపాలంటే, నేను ఈ మాట అన్నప్పుడు ఆరేళ్ళ బిడ్డ ఏం చేస్తాడు, ఏమంటాడు అని ముందే ఊహించుకోవాలి. అంతవరకూ నా జీవితంలో ఎవరి గురించీ అలా కూర్చుని ఆలోచించింది లేదు. ఆ గడి నాకు నేర్పింది చాలా ఉంది.

తర్వాత సూక్ష్మబోధన, అంటే కాసేపే చెప్పే చిన్న పాఠంతో బోధన సాధన. ఒక్కసారికి ఒక్క నైపుణ్యమే. 6 నిమిషాలు బోధన, 6 నిమిషాలు సలహాలు, పథకం మార్చి రాసుకోవడానికి 12, మళ్ళీ బోధనకు 6, మళ్ళీ సలహాలకు 6. మొత్తం 36 నిమిషాల చక్రం. ఎదురుగా కూర్చునే పిల్లలు మా తోటి ట్రైనీలే. ఒకరోజు ప్రశ్నలడగడం, ఒకరోజు ఉదాహరణలివ్వడం, ఒకరోజు పునర్బలనం, అంటే పిల్లల్ని మెచ్చుకుని ప్రోత్సహించడం. ఆఖరిదానికి వెనక బెంచీలో ఒకరు కాగితం పట్టుకుని కూర్చుని మనం 'బాగుంది', 'భేష్' ఎన్నిసార్లన్నామో, తల ఎన్నిసార్లు ఊపామో గీతలు పెట్టేవాళ్ళు. నల్లబల్ల రోజైతే నాకు పండగే. సుద్దముక్క కొత్తది అయితే సగానికి విరుచుకోవాలి, అప్పుడు కీచుమనదు. బోర్డుకు పూర్తిగా తిరిగి వీపు చూపకూడదు, ఒక పక్కకు ఒరిగి నిలబడి రాయాలి. తుడిచేటప్పుడు పైనుంచి కిందికి తుడిస్తే పొడి మొహాన రాదు. వెనక వరసలో కూర్చున్న బిడ్డ దగ్గరికి నడిచి వెళ్ళి, అక్కడినుంచి మన అక్షరం మనకే ఎంత కనపడుతోందో చూసుకోవాలి. ఇవి చిన్న విషయాలే, కానీ ఇరవై ఏళ్ళుగా రోజూ నా చేతిలో ఉన్నవి ఇవే.

మొదటి ఏడు మమ్మల్ని జట్లుగా పంచి బడుల పరిశీలనకు పంపారు. తిరుపతి వాళ్ళం కొందరం తిరుపతిలోనే ఒక మున్సిపల్ బడికి వచ్చాం. పరిశీలన అంటే వెనక కూర్చుని టీచరు పాఠం చెప్తుంటే రికార్డులో రాసుకోవడం, ఆపైన ఒకటీ అరా పాఠాలు మనం చెప్పడం. ఆ బడిలో తరగతికొక గది, గదికొక టీచరు. పిల్లలు చురుకు. కొండకొచ్చే జనం మీద బతికే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. పూసలు, ఫోటోలు, బొమ్మలు అమ్మే వాళ్ళ బిడ్డలు. మూడో తరగతి పిల్లవాడు కూడా తమిళంలో ధర చెప్పగలడు, కన్నడంలో బేరమాడగలడు. 'మన పండుగలు' పాఠానికి నేను సంక్రాంతి చార్టు గీసుకుని పోతే, వాళ్ళు గంగజాతర వదిలిపెట్టలేదు. బైరాగి వేషం ఎవరు వేశారు, మాతంగి వేషానికి ఏం కట్టుకోవాలి, సున్నపుకుండలు నెత్తిన పెట్టుకున్నప్పుడు ఏమవుతుంది అని ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. వాళ్ళలో సగం మంది ఆ మే నెలలో మొహానికి రంగు పూసుకుని తాతయ్యగుంట గుడికి పోయినవాళ్ళే. ఆ పిరియడంతా వాళ్ళే చెప్పారు, నేను బోర్డు మీద పదాలు రాస్తూ పోయాను. నా పథకంలో అది లేదు, అయినా వెనక కూర్చున్న లెక్చరర్ రికార్డులో మంచి మాటే రాశారు. ఆయన ఒకప్పుడు ఏపీపెప్ శిక్షణలిచ్చిన మనిషి. బ్రిటన్ సాయంతో నడిచిన ఆ ప్రాథమిక విద్యా పథకంలో ఆరు సూత్రాలుండేవి. స్థానిక పరిసరాలను వాడుకోవడం అందులో ఒకటి, పిల్లలు చేసినవి గోడకు పెట్టడం ఇంకొకటి. ఆ ఆరూ మాకు కంఠోపాఠం. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న కూడా.

ఇంతవరకూ అంతా పథకంలో ఉన్నట్టే నడిచింది. తరగతి ఒకటి, పాఠం ఒకటి, టీచరు ఒకరు. అసలు చదువు రెండో ఏడు, నగరి వైపు పల్లెబడికి పంపినప్పుడు మొదలైంది.

అది మరమగ్గాల ఊరు. పొద్దున బస్సు దిగేసరికే ప్రతి ఇంట్లోంచీ మగ్గాల చప్పుడు. పడమటి దిక్కున నగరి కొండ ముక్కు. తూర్పుకు కాస్త దూరం పోతే తమిళనాడు. బడికి రెండు గదులు, ఇద్దరు సార్లు, ఐదు తరగతులు. నాలుగు, ఐదు ఒక గదిలో చిన్నసారు దగ్గర. ఒకటి, రెండు, మూడు ఇంకో గదిలో పెద్దసారు దగ్గర. చిన్నసారుకు ఏ ట్రైనింగో, ఏ సర్వే డ్యూటీనో పడితే ఐదు తరగతులూ పెద్దసారువే. పిల్లలు మమ్మల్ని 'ట్రైనింగ్ టీచర్లు' అనేవాళ్ళు, ఆయన 'అమ్మా' అనేవారు.

నేను మొదటిరోజు చేతిలో రెండో తరగతి గణితం పాఠ్యపథకంతో, మెడలో సంచితో, సంచినిండా ఫ్లాష్‌కార్డులతో గదిలోకి పోయాను. పథకం 40 నిమిషాలకు రాసింది. గదిలో మూడు తరగతుల పిల్లలు మూడు దిక్కులకు తిరిగి కూర్చుని ఉన్నారు. నేను రెండో తరగతికి చెప్తుంటే మిగతా రెండు తరగతులు ఏం చేయాలి? నా కాగితంలో వాళ్ళకు గడి లేదు. పెద్దసారు అది చూసి ఏమీ అనలేదు. "ఈ రోజుకు కూర్చుని చూడమ్మా, రేపు చెప్దువు" అన్నారు.

ఆ చూడటమే నాకు ట్రైనింగు. ఆయన మూడు తరగతులనూ ఒకేసారి మొదలుపెట్టించేవారు కాదు. తనతో ఎక్కువ పని లేనివాళ్ళను ముందు కుదుర్చుకునేవారు. మూడో తరగతికి బోర్డు మీద లెక్కలు ముందురోజు సాయంత్రమే రాసిపెట్టి ఉండేవి. వాళ్ళు రాగానే పలకలు తీసేవాళ్ళు. గోడకు కింద, పిల్లల ఎత్తుకు, పొడవునా నల్లరంగు పూసి ఉండేది. అది రెండో తరగతికి. ఒక్కొక్కరికి మూరెడు జాగా, అక్కడ వాళ్ళు పదాలు రాసుకుంటూ ఒకరిదొకరు దిద్దుకుంటారు, జట్టుకొక పెద్ద. ఈ రెండూ కదిలాకే ఆయన ఒకటో తరగతి మధ్యలోకి వచ్చి నేలమీద కూర్చునేవారు. పావుగంట వాళ్ళతో. ఆ పావుగంటలో తల ఎత్తకుండానే "గమ్మునుండు రా" అంటే వెనక ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలేది. తర్వాత ఒకటో తరగతికి చింతగింజలు పోసి లెక్కబెట్టమని, రెండో తరగతి గోడ దగ్గరికి. ఆ తర్వాత మూడో తరగతి పలకలు. ఎక్కడా పరుగు లేదు.

కొన్ని పాఠాలు మాత్రం అందరికీ కలిపే. అంగడి ఆట అందులో నాకు బాగా ఇష్టం. గది మూల అంగడి పెడతారు. అగ్గిపెట్టెలు, ఖాళీ సబ్బు కాగితాలు, మగ్గాల దగ్గర పారేసిన కండెలు సరుకు. ఒకటో తరగతి వస్తువులు లెక్కపెట్టి ఇస్తారు. రెండో తరగతి ధరలు కూడి మొత్తం చెప్తారు. మూడో తరగతి చిల్లర తిరిగిచ్చి చీటీ రాస్తారు. పాఠం ఒకటే, పని మూడు రకాలు. మూడో తరగతిలో కూడా తీసివేత సరిగా రాని పిల్లవాణ్ణి ఎవరికీ తెలియకుండా రెండో తరగతి పనిలో పెట్టేవారు. వాడికి అవమానం లేదు, నేర్చుకోవాల్సింది నేర్చుకునేవాడు.

ఒక సాయంత్రం నా పాఠ్యపథకం తిప్పి, వెనకవైపు తెల్లకాగితం మీద ఆయన పట్టిక గీసి చూపించారు. మూడు నిలువు గళ్ళు, తరగతికొకటి. ఎడమ అంచున నిమిషాలు, ఐదేసి చొప్పున. ఒక్కో గడిలో ఆ తరగతి అప్పుడు చేసే పని. టీచరు ఏ తరగతి దగ్గర ఉంటే ఆ గడిలో ఎర్ర పెన్సిలుతో చుక్క. "ఒక అడ్డవరసలో రెండు చుక్కలు పడినాయంటే నువ్వు రెండుచోట్ల ఉండాల. అది కుదరదు గదమ్మా, మళ్ళీ రాయి" అన్నారు. ఇది ఆయనకు ఎవరు నేర్పారో నేనడగలేదు. ఏ పుస్తకంలోనూ నాకు అలా కనపడలేదు. ఆ రాత్రి మూడు తరగతులకూ కలిపి పథకం రాసుకున్నాను. మర్నాడు తరగతి నడిచింది. పిల్లలు నా చుట్టూ కాక పనిచుట్టూ తిరగడం మొదటిసారి చూశాను, ఆ సంతోషం నాకు ఈనాటికీ తగ్గలేదు.

తెలుగు నేర్పడం అక్కడ ఇంకో పని. సగం ఇళ్ళలో మాట్లాడేది తమిళం. పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, వీధిలో మాట్లాడతారు కూడా. రాయడం దగ్గరే తికమక. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, ప, బ లకు ఒకటే, త, ద లకు ఒకటే. పెద్దక్కలు తమిళ బడికి పోయే ఇళ్ళలో చిన్నవాళ్ళకు ఈ తేడా చెవికి తొందరగా ఆనదు. 'బాబు' అని చెప్తే 'పాపు' అని రాస్తారు, 'గది' అంటే 'కది'. కొట్టి చెప్పినా, పదిసార్లు రాయించినా వచ్చేది కాదు. పెద్దసారు గొంతుమీద చెయ్యి పెట్టించేవారు. 'బ' పలకబోతుంటేనే గొంతు అదురుతుంది, 'ప'కు పెదవులు విడిపోయాకగానీ అదరదు. ముందు తన గొంతుమీద, తర్వాత పక్కవాడి గొంతుమీద. గదిలో ఒకటే నవ్వులు, ఆ నవ్వుల మధ్యే తేడా పట్టుబడేది.

అక్షరాలు కూడా ఆయన అ ఆ ఇ ఈ వరసలో మొదలుపెట్టేవారు కాదు. చేతికి సులువైనవి ముందు. వ వస్తే మ, మ వస్తే య, అలా ఆకారం పోలినవి ఒక కుటుంబంగా. ప, ఫ, ష ఇంకో కుటుంబం. నాలుగు అక్షరాలు రాగానే వాటితో పదం, పదం రాగానే ఊళ్ళో ఆ పదం ఎక్కడుందో వెతకడం. బస్సు బోర్డు, అంగడి బోర్డు, గోడమీద రాతలు. రేణిగుంట, అరక్కోణం మధ్య రైలుమార్గంలో వెంకటనరసింహరాజువారిపేట అని స్టేషనుంది, ఆ చుట్టుపక్కల పిల్లలకది గొప్ప. దేశంలోనే పొడవైన రైల్వేస్టేషను పేర్లలో ఒకటని వాళ్ళకు తెలుసు. ఒక్క ఊపిరిలో ఆ పేరు చదివినవాళ్ళకు పెద్దసారు కొత్త బలపం ఇచ్చేవారు. గుణింతాలు తిప్పించి చదివించడానికి అంతకంటే మంచి పదం నాకు ఇప్పటిదాకా దొరకలేదు: ఏత్వం ఉంది, ఋత్వం లేదుగానీ రెండుచోట్ల పూర్ణబిందువుంది, ఉత్వముంది, హల్లు మీద హల్లు లేకుండానే నాలుక అలసిపోతుంది.

లెక్కల్లో స్థానవిలువలకు చీపురుపుల్లలు. పది పుల్లలు ఒక కట్ట. కట్టడానికి మగ్గాల దగ్గర తెగిపడిన రంగు రంగు పోగులు పిల్లలే తెచ్చేవాళ్ళు. 32 లోంచి 15 తీయాలంటే విడి పుల్లలు రెండే ఉన్నాయి, ఐదు ఎలా తీస్తాం? ఒక కట్ట విప్పాలి. వాళ్ళ చేత్తో వాళ్ళు పోగు లాగి విప్పితే పన్నెండు పుల్లలు కళ్ళముందు పడతాయి. ఇదేమీ కొత్త విద్య కాదు, మెథడ్ పుస్తకంలో ఉన్నదే. కానీ పుస్తకంలో చదివినప్పుడు నాకు అంత గట్టిగా తగల్లేదు.

మనోవిజ్ఞానం కూడా అక్కడే నిజమైంది. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చూసిన పియాజె చెప్పిన పదిలపరచుకునే భావన, అంటే పాత్ర మారినా లోపలిది అంతే ఉంటుందని తెలియడం, మాకు రెండు మార్కుల ప్రశ్న. ఒకరోజు మధ్యాహ్న భోజనాలయ్యాక రెండు ఒకేలాంటి స్టీలు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి ఒకటో తరగతి పిల్లను పిలిచాను. రెండూ సమానమేనా? సమానమే టీచర్. ఒక గ్లాసు నీళ్ళు దాని ముందే సన్నటి పొడుగు సీసాలో పోశాను. ఇప్పుడు? సీసాలోవి ఎక్కువ అంది. మళ్ళీ గ్లాసులో పోశాను, సమానం అంది. మళ్ళీ సీసాలో పోస్తే మళ్ళీ ఎక్కువే. పక్కన ఉన్న మూడో తరగతి పిల్లాడికి కోపం వచ్చేసింది, "అవే నీళ్ళు గదా మే!" అని దాన్ని మందలించాడు. స్విట్జర్లాండులో ఒకాయన ఎప్పుడో పిల్లలతో చేసి చూసింది, నగరి పక్క పల్లెలో అలాగే జరుగుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. పిల్లలు ఇలాంటివి సరిగ్గా తేల్చుకోగల మూర్త ప్రచాలక దశ ఏడేళ్ళ దగ్గర మొదలవుతుందని పుస్తకం చెప్తుంది. ఆ ఏడేళ్ళ గీతకు అటొకరు, ఇటొకరు ఒకే గదిలో కూర్చుని ఉన్నారు. అందుకే ఆ పిల్లకు అర్థం కాలేదని విసుక్కోవడం తప్పని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. అది అర్థం కాకపోవడం కాదు, ఆ వయసు చూపే అంత.

మధ్యాహ్న భోజనం అప్పటికి కొత్తగా కుదురుకుంటోంది. వండిన అన్నం పెట్టడం మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. ఊళ్ళో మహిళా సంఘం వాళ్ళు వండేవాళ్ళు. గుడ్డు రోజున హాజరు ఎంత పెరిగేదో రిజిస్టరు చూస్తేనే తెలిసేది. మగ్గాల ఇళ్ళలో పెద్దపిల్లలు కండెలు చుట్టడానికి ఆగిపోయేవాళ్ళు, అన్నం వేళకు వచ్చి, వచ్చినవాళ్ళు సాయంత్రం దాకా ఉండిపోయేవాళ్ళు. ఎవరో ఏదో అంటారు, అన్నం కోసం వస్తారని. రానీ. వచ్చాక చదువు చెప్పడం మన పని.

సెప్టెంబరు 5న పిల్లల ప్రభుత్వం. ఐదో తరగతి పిల్లలు చీరలు, పంచెలు కట్టుకుని టీచర్లయ్యారు. రాధాకృష్ణన్ గురించి రెండు మాటలు చెప్పమంటే నేను చెప్పాను. ఆయన పుట్టిన తిరుత్తణి ఆ బడికి రైల్లో పోతే దగ్గరే. 1960 ఏప్రిల్‌లో సరిహద్దులు మార్చేవరకూ తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదే. చిన్నప్పుడు ఆయన తిరుపతిలో లూథరన్ మిషన్ బడిలో చదివారు. ఇవన్నీ విని ఒక పిల్లవాడు, "అయితే ఆయన తమిళంలో 'ప' రాసేవాడా, తెలుగులో 'బ' రాసేవాడా?" అని అడిగాడు. వాడి సమస్య వాడిది. పెద్దసారు పడీపడీ నవ్వారు.

శనివారం మధ్యాహ్నం బోర్డు పని. కాకిదొండాకు, బొగ్గు కలిపి నూరి గుడ్డతో బోర్డుకు, గోడ కింది నల్లపట్టీకి పూసేవాళ్ళం. చేతులు పచ్చగా, నల్లగా అయ్యేవి. సోమవారం ఆ బోర్డుమీద సుద్దముక్క నడిచే తీరే వేరు.

ఆ ఏడే మా బ్యాచ్ మదనపల్లె దగ్గరి రిషివ్యాలీకి వెళ్ళింది. అప్పుడు మదనపల్లె కూడా మా జిల్లానే. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఆ స్కూలు పేరు అందరికీ తెలుసు, మేం చూడబోయింది మాత్రం చుట్టుపక్కల పల్లెల కోసం వాళ్ళు నడిపే చిన్న బడులను. ఒక్క టీచరు, అన్ని వయసుల పిల్లలూ. గోడమీద నిచ్చెనలాగా మెట్లు మెట్లుగా గీసిన పటం. ప్రతి మెట్టుకూ ఒక బొమ్మ గుర్తున్న కార్డు. బిడ్డ వచ్చి తను ఎక్కడున్నాడో చూసుకుని, తన కార్డు తానే తీసుకుని, ఆ కార్డు చెప్పిన గుంపులో కూర్చుంటాడు. ఒక గుంపుకు టీచరు పూర్తిగా ఉంటారు, ఒక గుంపుకు కాస్త సాయం, ఒక గుంపులో తోటిపిల్లలే సాయం, ఒకచోట ఎవరి పని వారిది. 'స్కూల్ ఇన్ ఎ బాక్స్' అని పేరు. తర్వాత చెన్నై కార్పొరేషన్ బడులు ఈ దారి పట్టాయి, అక్కడినుంచి తమిళనాడంతా పాకింది. నేను ఆ గుంపులను చూస్తూ మా పెద్దసారు ఎర్ర పెన్సిలు చుక్కలను తలుచుకున్నాను. పేరు లేదు, పెట్టె లేదు, కార్డులు లేవు. ఆలోచన మాత్రం అదే. అలాంటి సార్లు మన జిల్లాలో ఎంతమంది రిటైరైపోయి ఉంటారో, వాళ్ళ చేతిలోది ఎవరైనా రాసిపెట్టుకున్నారో లేదో అని నాకు అప్పటినుంచీ దిగులే.

చివరి పాఠాల పరీక్షకు బయటినుంచి పరిశీలకులు వచ్చారు, పాఠాలు బాగానే పోయాయి. డీఎస్సీ, ఉద్యోగం, బదిలీలు అన్నీ అందరికీ ఉన్నవే. జిల్లా మూడు ముక్కలై తిరుపతి వేరే జిల్లా అయింది. డీఎడ్ ఇప్పుడు డీఎల్ఎడ్. ఉపాధ్యాయ శిక్షణకు 2014లో వచ్చిన జాతీయ నిబంధనల తర్వాత ట్రైనీలు బడిలో ఉండే కాలం బాగా పెరిగింది, అది చాలా మంచి పని. ఒక్కటే నా కోరిక: ఆ కాలంలో కొంతైనా ప్రతి ట్రైనీనీ ఒకరో ఇద్దరో టీచర్లున్న చిన్న బడికి పంపాలి. తరగతికొక టీచరున్న పెద్ద బడిలోనే ట్రైనింగు ముగించి, మొదటి పోస్టింగు ఏకోపాధ్యాయ బడిలో పడితే ఆ పిల్ల పడే కష్టం నాకు తెలుసు. ఆ కష్టం ఆమెది ఒక్కదానిదే కాదు, ఒకటో తరగతిలో చూస్తూ కూర్చున్న పిలకాయలది కూడా.

ఇప్పుడు నాది ఇద్దరు టీచర్ల బడి. ట్రైనీలు నా దగ్గరికి వస్తున్నారు. మొదటిరోజు పాఠం చెప్పనివ్వను, ఒకటో తరగతి మధ్యలో నేలమీద కూర్చోబెడతాను. రెండోరోజు మూడు నిలువు గళ్ళ పట్టిక గీసి, ఎర్ర పెన్సిలు చేతికిస్తాను. ఈసారి వచ్చినవాళ్ళలో ఒకబ్బాయి నిన్న సాయంత్రం తన పథకం తెచ్చి చూపించాడు. చుక్కలు సరిగ్గానే పడ్డాయి, ఎక్కడా వరసకు రెండు లేవు. కానీ మధ్యలో ఒక వరసలో అసలు చుక్కే లేదు. "ఈ ఐదు నిమిషాలు నువ్వు యాడుంటావు నాయనా?" అని అడిగాను. "వాకిలి దగ్గర నిలబడి ఎవరెవరు ఏం చేస్తున్నారో చూసి రాసుకుంటాను మేడమ్, ఆ తర్వాత ఎవరి దగ్గరికి పోవాలో అప్పుడే తెలుస్తుంది" అన్నాడు. ఆ మాట నేను వాడికి చెప్పలేదు, పెద్దసారు నాకూ చెప్పలేదు. సంతకం పెట్టేశాను. ఆ ఖాళీ వరసను నా పట్టికలో కూడా రాసుకున్నాను. రేపు పొద్దున మొదటి పిరియడ్ ఆ అబ్బాయిదే.